దశబంధం నుంచి కొలతల పుస్తకం దాకా

ప్రజల సొమ్ముతో జరిగే పనిని ప్రభుత్వం తానే చేయక మరొకరికి అప్పగించినప్పుడు, అప్పగించుకున్నవాడు తన మాట నిలబెట్టుకున్నాడో లేదో దేన్ని చూసి తేల్చాలన్నది పాలన ఎంత పాతదో అంత పాత ప్రశ్న. తెలుగు నేల మీద ఈ ప్రశ్న అన్నిటికన్నా స్పష్టంగా చెరువుల, కాలువల చరిత్రలో కనిపిస్తుంది. చెరువు కట్టిన సంగతి అందరికీ తెలుస్తుంది గాని, ఆ కట్ట వెనుక నీరు నిలుస్తుందో లేదో, నిలిచిన నీరు ఆయకట్టు చివరి మడి దాకా చేరుతుందో లేదో నాలుగైదు వానాకాలాలు గడిస్తే తప్ప తేలదు. అంతలో పని చేసినవాడు డబ్బు తీసుకొని వెళ్లిపోయి ఉంటాడు. ఈ చిక్కును విప్పడానికి ఒక కాలం పారిన నీటిని కొలమానంగా తీసుకున్నది, మరొక కాలం పెట్టుబడి మీద వడ్డీని తీసుకున్నది, ఇంకొక కాలం తవ్విన మట్టిని తీసుకున్నది. ఈ మూడింటిలో ఏది ఏ ఫలితాన్నిచ్చిందో తెలియాలంటే ఆరున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉన్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన భాస్కరుడు అక్కడ అనంతరాజసాగరమనే పెద్ద చెరువును కట్టించిన వైనాన్ని అది చెబుతుంది. రోజుకు వెయ్యిమంది పనివారు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం అన్న లెక్కతో పాటు కట్ట పొడవు, వెడల్పు, ఎత్తుల కొలతలు కూడా అందులో చెక్కి ఉన్నాయి. అయితే ఆ శాసనాన్ని అపురూపం చేసినది ఈ అంకెలు కావు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరుసగా పేర్కొన్నది. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటిని తెచ్చే నది, కట్టకు ఆనుకొనే కొండలు, దగ్గరలో మంచి రాయి దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలం, కట్టుబడిలో ఆరితేరిన పనివారు ఆ అంగాలలోనివి. కట్టలో నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక లేవడం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం అన్నవి దోషాలు.

చివరి రెండు దోషాల దగ్గర చదువరి కాసేపు ఆగవలసి ఉంటుంది. కట్ట ఎంత చక్కగా కట్టినా, తూము ఎంత గట్టిగా నిలిపినా, చేరే నీటికీ తడవవలసిన పొలానికీ పొత్తు కుదరకపోతే ఆ చెరువు దోషం గలదేనని శాసనకర్త నిర్ణయం. కట్టుబడి నాణ్యతకూ, కట్టుబడి వల్ల కలిగిన ఫలితానికీ మధ్య తేడాను పద్నాలుగో శతాబ్దంలోనే ఇంత తేటగా గుర్తించి రాతి మీద చెక్కించడం చిన్న విషయం కాదు. నేటి పాలనాశాస్త్రం పని పరిమాణం, పని ఫలితం అని విడదీసి చెప్పే సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

చెరువు పూర్తయిన తరువాత దాన్ని కాపాడే ఒప్పందం పేరు దశబంధం. శాసనాలలో దశవందమన్న రూపం కూడా కనిపించే ఈ మాటకు పదో వంతు అన్నది మూలార్థం. చెరువు కట్టినవానికి గాని, తెగిన చెరువును బాగు చేసినవానికి గాని ఆ చెరువు కింది భూమిలో లేదా ఆదాయంలో కొంత భాగాన్ని ఇనాముగా, అంటే పన్ను మినహాయించిగాని తగ్గించిగాని ఇచ్చే మాన్యంగా, వంశపారంపర్యంగా అనుభవించమని ఇవ్వడమే దశబంధం. పేరుకు పదో వంతయినా వాటా ఊరూరికీ మారేది. కన్నడ సీమలో కట్టుకొడగె అన్న పేరుతో ఇటువంటి ఏర్పాటే ఉండేది. చిత్తూరుతో సహా రాయలసీమ జిల్లాలలో, వాటిని ఆనుకొని ఉన్న నెల్లూరు ప్రాంతంలో ఈ మాన్యాలు విస్తారంగా ఉండేవి. వాన తక్కువ, వాగులు ఎక్కువ, ఏటి నీరు అందని మెరక ఎక్కువ అయిన ఆ సీమలో రాజు ఖజానా ఒక్కటే ప్రతి చెరువునూ నిలబెట్టలేదు గనుక, చేతిలో ధనమున్నవారిని ఆ పనికి రప్పించడానికి ఇదొక ముఖ్యమైన మార్గమయింది.

తరువాతి కాలపు రెవెన్యూ లెక్కలలో దశబంధాన్ని రెండు రకాలుగా విడదీశారు. చెరువు కింద ఫలానా మడులని గుర్తించి ఇచ్చినది ఖండం దశబంధం. ప్రత్యేకించి మడులు చూపకుండా, చెరువు నీటితో సాగయిన భూమి మొత్తం మీద వచ్చే శిస్తులో ఇంత వంతు అని ఇచ్చినది షమిలాత్ దశబంధం. షమిలాత్ అంటే కలగలుపుగా ఉన్నదని అర్థం. పైకి ఇది గుమాస్తాల వర్గీకరణలా కనిపించినా, ఒప్పందాల చరిత్రలో దీనికి పెద్ద విలువ ఉన్నది. షమిలాత్ దశబంధదారుని ఆదాయం ఆ యేడు ఎన్ని ఎకరాలు తడిసినాయన్న దాని మీద ఆధారపడుతుంది. చెరువులో పూడిక పేరుకొని నీరు తగ్గితే ఆయకట్టు తగ్గుతుంది, ఆయకట్టు తగ్గితే శిస్తు తగ్గుతుంది, శిస్తు తగ్గితే అతని వంతు తగ్గుతుంది. ఖండం దశబంధదారుని మడులు కూడా ఆ చెరువు కిందివే గనుక, తూము చెడితే ఊరి పొలంతో పాటు అతని పొలమూ ఎండుతుంది. ఏ అధికారీ వచ్చి గజం బద్ద వేయకుండానే, ఏ తనిఖీ పత్రమూ రాయకుండానే, పనివాని ప్రతిఫలం పని ఫలితానికి ముడిపడి ఉన్నది. చెరువును కాపాడకపోతే మాన్యాన్ని వెనక్కి తీసుకోవచ్చునన్న షరతు దీనికి తోడు.

ఈ ఏర్పాటును బంగారు కాలపు గుర్తుగా చూపడం మాత్రం సత్యానికి దూరం. మాన్యం పొందినవారు సాధారణంగా ఊరి పెద్దలు, అధికారులు, ధనవంతులు. మట్టి మోసిన వడ్డెరలకు, ఊరి నీటిని మడి మడికీ పంచిన నీరుగంటికి అందులో పాలు లేదు. పోరుమామిళ్ల శాసనం వెయ్యిమందిని లెక్కపెట్టిందే గాని ఒక్కరి పేరూ చెప్పలేదు. పైగా తరాలు గడిచిన కొద్దీ మాన్యం పంపకాలలో ముక్కలయి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క యజమాని ఏర్పడి, చెరువు బాధ్యత ఎవరిదో తేలని స్థితి వచ్చేది. దీనికి తోడు గ్రామాలలో కుడిమరామత్తు అనే ఆచారం ఉండేది. కుడి అంటే రైతు, మరమ్మతు అంటే బాగుచేత. చిన్న పూడికతీత, కట్ట మీద తుప్పలు నరకడం, గండి పడబోతే అందరూ కదలడం వంటి పనులను ఆయకట్టు రైతులు జీతం లేకుండా చేయాలన్నది ఆ కట్టుబాటు. సొంత పొలం కోసం చేసుకొనే పని గనుక అది నడిచింది. కాని భూమి లేని కూలివానిని కూడా అందులోకి ఈడ్చిన చోట అది వెట్టిగా మారింది.

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ఆ సీమలో చెరువు కట్టడానికి అనువైన చోటు ఏదీ అక్కడి జనం ఇదివరకే వాడుకోకుండా మిగల్చలేదని గమనించాడు. కొత్త చెరువులకన్నా పాత చెరువుల రక్షణే అసలు పని అన్నది ఆ గమనికలోని సారం. అయినా కంపెనీ పాలన తొలి అర్ధశతాబ్దంలో ఆ రక్షణ సరిగా సాగలేదు. పనులు కలెక్టర్ల కింది మరామత్తు సిబ్బంది చేతిలో ఉండేవి; 1852లో మద్రాసు పబ్లిక్ వర్క్స్ కమిషన్ ఆ లోపాలను వివరంగా నమోదు చేసింది; ఆ తరువాత ఇంజినీర్లతో కూడిన ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1858 నాటి ఒకటో చట్టం కుడిమరామత్తును బలవంతంగానైనా చేయించే అధికారం ఇచ్చింది గాని, ఆచారం ఫలానా ఊళ్లో ఉన్నదని నిరూపించడమే కష్టమై ఆ చట్టం చాలావరకు కాగితానికే పరిమితమయింది. అదే కాలంలో మొదలయిన ఇనాం కమిషన్, మాన్యాలన్నిటినీ విచారించి పట్టాలిస్తూ, దశబంధాన్ని చెరువు బాగోగులు చూసినంత కాలం సాగే సేవా మాన్యంగా గుర్తించింది. పాత ఒప్పందంలోని షరతు ఈ విధంగా కొత్త ప్రభుత్వ దస్త్రాలలోకి ఎక్కింది.

దశబంధానికి దాదాపు నేరుగా ఎదురు నిలిచే ఒప్పందం ఆ దశకంలోనే, ఆ సీమలోనే పుట్టింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1847–52 నడుమ ప్రభుత్వోద్యోగిగా కట్టించి పేరు పొందిన ఆర్థర్ కాటన్, తుంగభద్ర నీటిని కర్నూలు, కడప సీమల మీదుగా పెన్నా లోయకు చేర్చే పెద్ద కాలువల పథకాన్ని ఊహించాడు. దాన్ని చేపట్టడానికి లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. ప్రభుత్వానికీ కంపెనీకీ నడుమ కుదిరిన ఒప్పందంలో కీలకమైన షరతు ఒకటున్నది: కంపెనీ సేకరించిన 10 లక్షల పౌండ్ల మూలధనం మీద సంవత్సరానికి 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడుతుంది. కాలువలో నీరు పారినా పారకపోయినా, ఆ నీటిని రైతు కొన్నా కొనకపోయినా, వాటాదారులకు యేటా 50 వేల పౌండ్లు ముట్టవలసిందే. భారతదేశంలో తొలి రైలు కంపెనీలకు ఇచ్చిన పూచీకి ఇది నకలు.

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, హంద్రీ నదిని మేలుకాలువ మీదుగా దాటించి, కుందూ లోయ వెంట కడప దాకా దాదాపు 190 మైళ్ల కాలువను తవ్వారు. ఖర్చు అంచనాలను మించిపోయింది. పూచీ ఉన్న మూలధనం చాలక కంపెనీ మళ్లీ ప్రభుత్వం దగ్గరే అప్పు చేసింది. పెద్ద పథకంలో మిగిలిన భాగాలు ఊహలోనే మిగిలిపోయాయి. 1871 నాటికి కాలువ కడప దాకా పూర్తయినప్పటికీ, ఆ నీటికి కావలసినంత గిరాకీ రాలేదు. నంద్యాల లోయలోని నల్లరేగడి నేల తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. అక్కడి రైతులు వాననీటితోనే జొన్న, పత్తి పండించుకొనేవారు. ఆ నేలకు కాలువ నీరు ఎక్కువయితే పంట చెడుతుందన్న వారి అనుభవంలో తప్పు లేదు. కాలువ పొడవును, తవ్విన మట్టిని, ఖర్చయిన పౌండ్లను లెక్కించిన ఒప్పందం ఈ రైతును ఒక్క మాటయినా అడగలేదు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఐదో, ఆరో దోషాలు, అంటే నీటికీ పొలానికీ పొత్తు కుదరకపోవడం, ఆ ఊరికి ఎంతో దూరం లేని సీమలోనే అయిదు వందల ఏళ్ల తరువాత మరొక రూపంలో ఎదురయ్యాయి. చివరకు 1882లో ప్రభుత్వం కంపెనీ ఆస్తిని కొనివేసింది.

కంపెనీ ఇంజినీర్లను పనికిమాలినవారని తీసిపారేయడం న్యాయం కాదు. అదే కాలువ కర్నూలు–కడప (కె.సి.) కెనాల్‌గా నేడు రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు ఆధారమయి, కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల రైతులకు ప్రాణప్రదమయింది. కట్టుబడి నిలిచింది, చెడినది ఒప్పందం. పూచీ వడ్డీ పొందేవానికి ఖర్చు తగ్గించాలన్న తొందరగాని, నీటిని రైతు పొలానికి పనికివచ్చేటట్లు మలచాలన్న ఆరాటంగాని ఉండనవసరం లేదు. దశబంధంలో పనివాని వాటా పొలం తడిసిన మేరకు పెరిగి తరిగేది. ఇక్కడ అది పొలంతో సంబంధం లేకుండా స్థిరపడిపోయింది. ఒడిశాలో పూచీ లేకుండా మొదలయిన మరొక కాలువల కంపెనీ కూడా నిలవలేక ప్రభుత్వానికి తన ఆస్తిని అమ్ముకున్నది. ఈ అనుభవాల తరువాత పెద్ద నీటిపనులను కంపెనీలకు ఒప్పగించడం మాని, ప్రభుత్వమే అప్పు తెచ్చి తన శాఖ ద్వారా కట్టించే విధానం స్థిరపడింది.

శాఖ కట్టించడమంటే శాఖ ఉద్యోగులే పార పట్టడం కాదు. పని మళ్లీ చిన్న చిన్న గుత్తలుగా చీలి కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది. గుత్త అంటే ముందుగా కుదిరిన మొత్తానికి ఒక పనిని ఒప్పగించడం. ఈ గుత్తేదారులను అదుపులో పెట్టడానికి ప్రజాపనుల శాఖ తయారు చేసుకొన్న సాధనమే మెజర్‌మెంట్ బుక్, తెలుగు కాంట్రాక్టర్లందరూ ఎం.బుక్ అనే కొలతల పుస్తకం. పుటలకు ముందే సంఖ్యలు వేసి ఉండాలి, పుట చింపరాదు, రాసినది చెరపరాదు, తప్పు పడితే గీత కొట్టి సంతకం చేయాలి, కొలిచినవాని సంతకంతో పాటు కాంట్రాక్టరు ఒప్పుదల ఉండాలి, పైఅధికారి కొంత భాగాన్ని మళ్లీ కొలిచి సరిచూడాలి. సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, వాటి లబ్ధం అనే గడులతో ఉండే ఆ పుస్తకం ఆధారంగానే బిల్లు తయారవుతుంది. మట్టిని ఎంత దూరం మోశారన్న దానికి లీడు, ఎంత ఎత్తుకు ఎక్కించారన్న దానికి లిఫ్టు అని విడివిడి రేట్లుంటాయి. తవ్విన లోతు తెలియడానికి గుంట నడుమ తవ్వకుండా మట్టి దిమ్మెలను వదిలి, కొలత పూర్తయిన తరువాత వాటిని తీసివేస్తారు. ఆ దిమ్మె నెత్తిన నాలుగు తట్టల మట్టి పోస్తే గుంట లోతు కాగితం మీద పెరుగుతుంది గనుక, దిమ్మె మీద పాత గడ్డి అలాగే ఉన్నదా అని చూడడం తనిఖీలో భాగమయింది.

కొలతల పుస్తకాన్ని తక్కువ చేసి చూడడం తగదు. నోటి మాట మీద, దయాదాక్షిణ్యాల మీద బిల్లులు చెల్లే పద్ధతికి అది అడ్డుకట్ట వేసింది. ప్రతి రూపాయికీ ఒక సంతకాన్ని, ఒక తేదీని, ఒక స్థలాన్ని ముడివేసింది. దశాబ్దాల తరువాత కూడా విచారణ జరపడానికి వీలిచ్చింది. అయితే అది కొలిచేది చేసిన పనిని మాత్రమే. పూడిక ఎంత తీశారో అందులో ఉంటుంది. తీసిన తరువాత చెరువు ఎన్ని నెలలు నీరు నిలిపిందో, ఆయకట్టు చివరి రైతుకు ఎన్ని తడులు అందాయో ఉండదు. పంతొమ్మిదో శతాబ్దం చివరన ఈ లోటును కొంత పూరించడానికి ఒక మంచి ప్రయత్నం జరిగింది. 1883లో మద్రాసు ప్రభుత్వం మొదలుపెట్టిన చెరువుల పునరుద్ధరణ పథకం, నదీపరీవాహక ప్రాంతాలవారీగా ఒక్కొక్క చెరువును సర్వే చేసి, దాని పూర్తి నీటిమట్టం, కట్ట మట్టం, అలుగు పొడవు, తూముల కొలతలు, ఆయకట్టు వివరాలతో ట్యాంక్ మెమోయిర్ అనే పత్రాన్ని తయారు చేయించింది. చెరువు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఒకటి కాగితం మీద నిలిచింది గనుక, బాగుచేత తరువాత ఆ ప్రమాణానికి చేరిందా అని అడగడానికి ఆస్కారం కలిగింది. కాని కాంట్రాక్టరు బిల్లు మాత్రం ఎం.బుక్‌తోనే సాగింది, ఆ రెండు పత్రాలూ ఒకే కార్యాలయంలో వేరువేరు అరలలో ఉండిపోయాయి.

స్వాతంత్ర్యం తరువాత కొలతలు గజాల నుంచి మీటర్లకు మారినా పద్ధతి మారలేదు. మారిన సందర్భాలు వేళ్ల మీద లెక్కించదగినవి. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల వ్యవస్థల యాజమాన్య చట్టం వచ్చి, ఆ యేడే ఎన్నికలు జరిగి, రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కాలువల, చెరువుల చిన్న మరమ్మతులను సంఘాలకే ఇవ్వడంతో, పని చేయించేవారూ ఆ నీటితో బతికేవారూ ఒక్కరే అయ్యారు. కుడిమరామత్తులోని బలం వెట్టి లేకుండా తిరిగి వచ్చే అవకాశం అప్పుడు కనిపించింది. తరువాతి కాలంలో ఎన్నికలు సక్రమంగా జరగక, నిధులు తగ్గి ఆ సంఘాలు నీరసించడం తెలుగు నీటిపారుదల చరిత్రలో పెద్ద నష్టం. 2003లో వచ్చిన ఎలక్ట్రానిక్ టెండర్ల పద్ధతి, పోటీలో పాల్గొనేవారి మీద దౌర్జన్యాన్ని అరికట్టడానికి ఉపకరించింది గాని, అది కాంట్రాక్టరును ఎంచుకొనే తీరును మార్చిందే తప్ప పనిని కొలిచే తీరును మార్చలేదు. 2004 తరువాత జలయజ్ఞం అనే సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమంలో భారీగా వాడిన ఈ.పి.సి. ఒప్పందంలో నమూనా, సామగ్రి, కట్టుబడి మూడూ ఒకే సంస్థకు ఏకమొత్తానికి ఇచ్చి, దశలవారీగా చెల్లించారు. ఆ దశల నిర్వచనం ఎంత పని ముగిసిందన్న దాని చుట్టే తిరిగింది. తడిసిన ఎకరం అందులో దశగా లెక్కకు రాలేదు.

2015 మార్చిలో తెలంగాణలో మొదలయిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చిన్ననీటి వనరుల బాగుచేతను లక్ష్యంగా పెట్టుకొన్నది. అందులో తెలిసో తెలియకో పాత బుద్ధి ఒకటి పనిచేసింది. చెరువులో తవ్విన ఒండ్రును రైతులు తమ ట్రాక్టర్లతో తమ పొలాలకు తోలుకొన్నారు. కాంట్రాక్టరు తీసినది నిజంగా పూడికో, అడుగున ఉన్న పనికిరాని మొరమో రైతుకు తెలుసు. పొలానికి పనికిరాని మట్టిని డీజిల్ ఖర్చు పెట్టుకొని ఎవరూ తోలుకుపోరు. ఏ పరికరమూ లేకుండా జరిగిన నాణ్యత పరీక్ష అది. అయినా బిల్లు మాత్రం తవ్వకానికి ముందు, తరువాత తీసిన మట్టాల తేడాను బట్టి ఘనపు మీటర్లలోనే చెల్లింది.

ఈ మొత్తం చరిత్రలో తేలే తీర్పు ఇది: మట్టిని కొలిచే పుస్తకం దొంగతనాన్ని తగ్గించగలిగింది గాని, నీటిని ఇవ్వలేకపోయింది, నీటికి వాటా కట్టిన దశబంధం తన కాలపు అన్యాయాలన్నిటితోనూ ఆ పనిని కొంతకాలం చేయగలిగింది. నేటి ఒప్పందాలలో పని ముగిసిన తరువాత కొన్నాళ్లు లోపాలను కాంట్రాక్టరే సరిదిద్దాలన్న షరతు, అందుకోసం బిల్లులలో కొంత సొమ్ము నిలిపి ఉంచే ఏర్పాటు ఇప్పటికే ఉన్నాయి. ఆ నిలిపిన సొమ్మును కట్ట కుంగలేదన్న ధ్రువపత్రం మీదే కాక, అలుగు పారిన యేడు ఆయకట్టు చివరి మడి తడిసిందన్న రైతుల సంతకం మీద కూడా విడుదల చేయాలని షరతు రాయడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. వాన రాకపోవడానికి కాంట్రాక్టరును శిక్షించరాదు గనుక, వచ్చిన వానలో ఎంత నిలిచిందన్నదే ఆ షరతుకు ఆధారం కావాలి. చెరువు మట్టాన్ని రోజూ నమోదు చేయడం నీరుగంటికి తెలిసిన పనే. ఇనాం కమిషన్ కాలంలో తయారయిన రిజిస్టర్లు రెవెన్యూ దస్త్రాల గదుల్లో ఇంకా ఉన్నాయి. భూమి తగాదాలు వచ్చినప్పుడు మాత్రమే వాటిని దించి చూస్తున్నారు. టెండరు షరతులు రాసే ఇంజినీర్లు, వాటిని ఆమోదించే కార్యదర్శులు, ఆ కాగితం ఇంకా చినిగిపోకముందే అందులోని దశబంధం పుటలను ఒకసారి తెరిచి చదవాలి.